అరకు అందం ఎవరి కష్టం

నవంబరు మొదలైతే చాలు, విశాఖపట్నంలో శనివారం తెల్లవారుజాము తీరే మారిపోతుంది. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట వైపు సాగే రోడ్డు మీద వెలుగు రాకముందే కార్లు, మినీ బస్సులు, మోటారు సైకిళ్ళు బారులు తీరతాయి. సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న అరకు లోయకు పొద్దున్నే చేరుకుని, దారిలో కటికి జలపాతం, గాలికొండ, బొర్రా గుహలు, పైన పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి, అన్నీ ఒకే రోజులో చుట్టబెట్టి, బొంగు చికెన్ తిని, అర్ధరాత్రి లోపు ఇల్లు చేరాలన్నది వాళ్ళందరి ప్రణాళిక. విశాఖ వాసిగా నేనూ ఏళ్ళ తరబడి ఆ రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నాను. ఆ లోయ అంటే నాకు ప్రాణం. అందుకే, అక్కడికి వెళ్ళే వాళ్ళతో కొంచెం వాదన పెట్టుకోవాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

అరకులో మనం ప్రకృతి సౌందర్యమని మురిసిపోయి వచ్చేదానిలో పెద్ద భాగం మనుషులు చేసినదే. కొండవాలున మెట్లు మెట్లుగా దిగే పొలాలు, వలిసె పూల పసుపు, సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరిగే కాఫీ తోటలు, తవ్వకాలకు బలి కాకుండా మిగిలిన కొండలు, ఇవన్నీ బగత, కొండదొర, వాల్మీకి, పోర్జ, గదబ, కోదు, కొటియా కుటుంబాలు తరతరాలుగా పడిన కష్టానికీ, ఆ నేల వాళ్ళ చేతుల్లోనే ఉండాలని పట్టుబట్టి సాధించుకున్న చట్టాలకూ ఫలితం. అలాంటప్పుడు ఆ అందాన్ని ఇష్టపడే నగరవాసి ఆ చట్టాల పక్షాన నిలబడటం ధర్మం. పర్యాటకం పేరు చెప్పి వాటిని సడలించమని ఎవరు అడిగినా కాదనవలసిన వాళ్ళలో మనమూ ఉండాలి.

ముందు వలిసె పూల సంగతి చూద్దాం, ఎందుకంటే చలికాలంలో అరకు బొమ్మ అనగానే అందరికీ గుర్తొచ్చేది అవే. అది పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన నూనెగింజ పంట. నీటి వసతి లేని వాలు నేలల్లో, వానల చివరి తడిని నమ్ముకుని విత్తుతారు. పూత వచ్చాక చేను దగ్గర కూర్చుని చూస్తే, నడుము ఎత్తు మొక్క మీద ఒక్కొక్క పువ్వుకు లేత పసుపు రేకులు, మధ్యలో ముదురు రంగు బొడిపె, దాని మీద ఎడతెగకుండా వాలి లేచే తేనెటీగలు కనిపిస్తాయి. వలిసె మొక్క తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు. పక్క మొక్క నుంచి పుప్పొడిని తేనెటీగ మోసుకురావాలి. ఆ రాకపోకలు సాఫీగా జరిగితేనే పువ్వు ఎండిన చోట సన్నని నల్లని గింజలు నిండుతాయి. మనం ఫొటో కోసం చేలోకి దిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఒకరు దిగిన చోట దారి పడుతుంది, దారి పడిన చోట పదిమంది దిగుతారు. సాయంత్రానికి చేను నడుమ మనిషి వెడల్పున నేల కనిపిస్తుంది, విరిగిన కాడలు తలలు వాల్చి ఉంటాయి. ఆ మొక్కలకు ఇక గింజ పట్టదు.

ఇప్పుడు చాలామంది రైతులు చేను చుట్టూ వెదురు కట్టి, లోపలికి వచ్చేవారి దగ్గర కొద్దిపాటి డబ్బు తీసుకుంటున్నారు. దీని మీద నగరం నుంచి వచ్చినవారు విసుక్కోవడం నేను చాలాసార్లు విన్నాను. పూలు చూడటానికి కూడా డబ్బులా, ఈ జనం కూడా వ్యాపారం నేర్చుకున్నారు అంటారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. కోనసీమలో ఎవరి వరిచేలోనైనా పొట్ట దశలో పాతికమంది దిగి తొక్కితే ఆ రైతు ఊరుకుంటాడా? ఊరుకోడని మనందరికీ తెలుసు. అరకు రైతు ఊరుకోవాలని ఎందుకు అనుకుంటున్నామంటే, ఆ చేను మన కళ్ళకు పొలంలా కాక దృశ్యంలా కనిపిస్తోంది కాబట్టి. ఒక చేను గట్టు మీద కూర్చున్న పెద్దావిడను పంట గురించి అడిగితే, పూలప్పుడు వచ్చే డబ్బు, గింజ అమ్మితే వచ్చే డబ్బు రెండూ లెక్క కట్టి చెప్పి, అయినా గింజ ఇంట్లో ఉంటేనే ధైర్యమని తేల్చింది. ఆ లెక్క కట్టే హక్కు పూర్తిగా ఆమెదే. చేలోకి దిగనివ్వాలా వద్దా, దిగనిస్తే ఎంత తీసుకోవాలి అన్నది పొలం యజమాని నిర్ణయించుకునే విషయం.

కాఫీ కథ ఇంకా పెద్దది. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో లక్షకు పైగా గిరిజన కుటుంబాలు కాఫీ పండిస్తున్నాయి. ఒక్కొక్కరికి ఉండేది సాధారణంగా ఎకరమో రెండెకరాలో. పోడు కొట్టి బోడిగా మిగిలిన వాలుల మీద ముందు సిల్వర్ ఓక్ నాటారు, ఆ నీడ నిలదొక్కుకున్నాక కాఫీ పెట్టారు, చెట్ల మొదళ్ళకు మిరియాల తీగ పాకించారు. ఘాట్ ఎక్కుతూ కారు అద్దంలోంచి మనం చూసి దట్టమైన అడవి అని మెచ్చుకునే పచ్చదనంలో చాలా చోట్ల ఉన్నది ఈ తోటే. అక్కడ పండే అరబికా రకానికి 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు దక్కింది.

నవంబరు నుంచి జనవరి దాకా పండ్ల కోత. కొమ్మ మీద గుత్తిలో పచ్చకాయ, దోరకాయ, ఎర్రని పండు పక్కపక్కనే ఉంటాయి. వేళ్ళ మధ్య పండును మాత్రమే మెలితిప్పి తీసి, మిగతా వాటిని వచ్చే వారానికో ఆపై వారానికో వదిలెయ్యాలి. పచ్చకాయ కలిస్తే రుచి చెడుతుంది, ధర పడిపోతుంది. అందుకని ఒకే చెట్టు దగ్గరికి ఒకే కాలంలో నాలుగైదు సార్లు వెళ్ళాల్సి వస్తుంది. కోసిన పండును నిలవ ఉంచకుండా తోలు తీసి, కడిగి, ఎండబెట్టాలి. ఇళ్ళ ముందు పరదాల మీద లేత గోధుమరంగు గింజలు పరిచి, ఎండ తిరిగినప్పుడల్లా వాటిని చేతితో కలియబెడుతూ కూర్చున్న ఆడవాళ్ళను ఆ రోజుల్లో ఏ ఊళ్ళోనైనా చూడవచ్చు. మంచు కురిసే వేళకు మళ్ళీ అంతా పోగుచేసి కప్పాలి. మనం ఆ మంచును చూడటానికే వెళ్తాం. కాఫీ ఆరబెట్టేవారికి అదే మంచు రోజూ పెట్టే పరీక్ష.

ఇక్కడ గమనించవలసినది ఇంకొకటి ఉంది. అస్సాంలో తేయాకు తోటల పచ్చదనంలో ఎక్కువ భాగం పెద్ద ఎస్టేట్లది. ఆకు కోసే చేతులు కూలివారివి. అరకులో మాత్రం చెట్టు నాటినవారు, పండు కోసేవారు, భూమికి యజమాని చాలావరకు ఒకే కుటుంబంలోని మనుషులు. ఈ తేడా తనంతట తాను రాలేదు, కొండవాలు మంచితనం వల్లా రాలేదు. 1/70 అని మన్యంలో చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే చట్టం వల్ల వచ్చింది.

రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద ఉన్న ప్రాంతాల్లో గిరిజనుల భూమిని కాపాడటానికి 1959లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక భూబదిలీ నిబంధన చేశారు. దాన్ని 1970లో ఆ ఏటి ఒకటో నిబంధనతో సవరించి గట్టిపరిచారు, 1/70 అన్న పేరు అలా వచ్చింది. ఆ సవరణ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోవడానికి వీల్లేదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. అక్కడ గిరిజనేతరుల దగ్గర భూమి కనిపిస్తే, కానిదని రుజువు కానంతవరకు, అది గిరిజనుల నుంచి వచ్చిందనే భావించాలి. ఇంత కఠినంగా ఎందుకు రాశారని అడిగేవారు దాని వెనుక ఉన్న చరిత్ర చూడాలి. ఉప్పుకూ బట్టకూ ఇచ్చిన అప్పు వడ్డీతో పెరిగి, చివరకు పొలాన్నే మింగేసిన కథలు మన్యంలో కొల్లలు. అంతకుముందు సంగతీ ఇలాంటిదే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుకు, అడవిలో తిరగడానికి అడ్డుగోడలు కట్టింది. కొండల్లో రోడ్లు వెయ్యడానికి తెల్లదొరల అధికారులు గిరిజనుల చేత బలవంతంగా పనిచేయించారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికి నడిచిన మనుషుల కోపంలో ఆ రోడ్డు పనుల కోపమూ ఉంది. 2022లో కొత్తగా ఏర్పడిన జిల్లాకు ఆ వీరుడి పేరే పెట్టుకున్నాం. ఏ నేల కోసం పోరాడారో ఆ నేల మీద హక్కు విషయంలో కూడా అంతే గౌరవం చూపించాలి కదా.

బొర్రా గుహలు చూసి వచ్చేవారిలో సమత తీర్పు గురించి విన్నవారు తక్కువ. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో సున్నపురాయి జాతి ఖనిజాల కోసం ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇచ్చారు. గుహలను పుట్టించిన రాయి, గనుల వాళ్ళకు కావలసిన రాయి ఒకే కుటుంబానివి. సమత అనే స్వచ్ఛంద సంస్థ, స్థానిక గిరిజనులు దాని మీద పోరాడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1997 జులై 11న కోర్టు తీర్పు ఇస్తూ, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వడం చెల్లదని, ఈ నిబంధన ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని చెప్పింది. ప్రభుత్వ భూమే అయినా గిరిజనేతరులకు కట్టబెట్టే అధికారం ప్రభుత్వానికి లేదన్నమాట. దేశంలోని గిరిజన ప్రాంతాలన్నిటిలో నేటికీ ఉదాహరించే ఆ తీర్పు పుట్టింది, మనం టికెట్టు కొని గుహలోకి దిగే ఆ కొండల్లోనే. గుహ లోపల చీకట్లో బొట్టు బొట్టుగా కారే నీరు వేల ఏళ్ళుగా కట్టిన స్తంభాలను చూస్తున్నప్పుడు, పైన ఆ కొండలను తవ్వకుండా ఆపినవారు ఎవరన్నది గైడు చెప్పే మాటల్లో ఒక్కసారైనా వస్తే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. రంగురంగుల దీపాలు వేసి ఇది శివలింగం, అది ఏనుగు అని చూపించడానికి పట్టే సమయంలో పదో వంతు చాలు దానికి.

ఇంత చెప్పాక కూడా కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. వాళ్ళ వాదన తీసిపారేయదగినది కాదు. భూమి అమ్ముకునే వీలు లేకపోతే గిరిజనుడికి దాని విలువ ఎలా వస్తుంది, పెద్ద హోటళ్ళు రాకపోతే ఉద్యోగాలు ఎక్కడి నుంచి వస్తాయి, చట్టం పేదవాణ్ణి పేదవాడిగానే ఉంచుతోంది కదా అంటారు. 2025 ఆరంభంలో పర్యాటక పెట్టుబడుల సందర్భంగా ఇదే మాట బహిరంగంగా వినిపించింది. ఫిబ్రవరిలో గిరిజన సంఘాలు మన్యం బంద్ పాటించాయి. ఆ చట్టాన్ని మార్చే ఉద్దేశం లేదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ బంద్ రోజుల్లో ప్రయాణం రద్దయిందని చికాకు పడిన నగరవాసులు ఉన్నారు. ఎందుకు రద్దయిందో కనుక్కున్నవాళ్ళు నాకు తక్కువగా కనిపించారు.

మిత్రుల ప్రశ్నకు నా సమాధానం కాఫీ తోటలోనే ఉంది. భూమి చెయ్యి మారకుండానే, ఆ భూమి మీద వచ్చే ఆదాయం పెరగవచ్చని అది చూపించింది. అమ్మకానికి పెట్టిన భూమి ఒక్కసారే డబ్బు ఇస్తుంది, ఆ డబ్బు ఒక పెళ్ళికో ఒక జబ్బుకో కరిగిపోతుంది, ఆ తర్వాత అదే భూమి మీద కట్టిన హోటల్లో ఆ ఇంటి కొడుకు గదులు తుడుస్తాడు. ఉద్యోగం వచ్చింది కదా అనవచ్చు. కానీ యజమాని కూలివాడైన చోట దాన్ని అభివృద్ధి అని పిలవడానికి నా మనసు ఒప్పదు. పైగా చట్టం ఉండగానే బినామీ పేర్లతో, గిరిజనుడి పేరు కాగితం మీద, పెట్టుబడి, లాభం మైదానంవారివి అన్న పద్ధతిలో వసతి గృహాలు లేస్తున్నాయన్న ఆరోపణ మన్యంలో ఎప్పటి నుంచో ఉంది. ఉన్న తలుపుకు గడియ సరిగా పడటం లేదని తలుపే పీకేస్తామంటే ఎలా?

నిజానికి మన్యానికి కావలసిన అభివృద్ధి ఏమిటన్నది చూడాలంటే దూరం పోనక్కరలేదు. వ్యూ పాయింట్ దాకా తారు రోడ్డు ఉంటుంది. దానికి కొద్ది దూరంలో, కొండ అవతలి ఊరికి ఉండదు. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని కర్రకు దుప్పటి కట్టిన డోలీలో కూర్చోబెట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక భుజాలు మార్చుకుంటూ, రాళ్ళ బాటలో అంబులెన్సు ఆగిన చోటికి మోసుకువచ్చే దృశ్యం ఈ జిల్లా వార్తల్లో ఇప్పటికీ పదే పదే కనిపిస్తోంది. రోడ్డు ఎవరి కోసం వెయ్యాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సూర్యోదయం చూడటానికి వచ్చే నా కన్నా ఆ డోలీలోని మనిషిదే మొదటి హక్కు. సూర్యోదయం నేను నడిచి వెళ్ళి కూడా చూడగలను.

విశాఖ నుంచి అరకు మీదుగా పోయే, అందరూ మెచ్చుకునే కిరండూల్ రైలు మార్గం కూడా మన కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపానుకు పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేశారు. 58 సొరంగాలు దాటుతూ పోయే ఆ ప్రయాణం అద్భుతమే, 2017లో పెట్టిన అద్దాల బోగీలో కూర్చుంటే మరీను. అయితే ఆ దారిలో ఎదురుపడే పొడవాటి ఖనిజపు రైళ్ళను చూసినప్పుడల్లా ఒక ఆలోచన వస్తుంది: ఈ కొండల నుంచి కిందికి పోయే సంపదకు దారి వెయ్యడంలో మనం ఎన్నడూ ఆలస్యం చెయ్యలేదు.

థింసా నృత్యం విషయంలో నా అభిప్రాయం కొంతమందికి నచ్చకపోవచ్చు. చైత్ర మాసపు పండుగల్లోనూ పెళ్ళిళ్ళలోనూ ఊరంతా కలిసి, ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని, తుడుము, డప్పు, కిరిడి, మోరి మోతకు అడుగులు వేసే ఆ నృత్యాన్ని వసతి గృహాల ఆవరణలో రాత్రి భోజనాల వేళ పావుగంట ప్రదర్శనగా చూపిస్తున్నారు. అది ఆగిపోవాలని నేను అనను, ఎందుకంటే ఆడేవారికి అది నాలుగు డబ్బులు వచ్చే పని, ఆడటంలో వాళ్ళకు ఆనందమూ ఉంది. నా అభ్యంతరం మన ప్రవర్తన మీద. తాగి వరుసలో దూరడం, ఆడపిల్లల భుజాల మీద చేతులు వేసి ఫొటోలు దిగడం, ఇంకోసారి ఇంకోసారి అని అరవడం మన ఊళ్ళో మన ఇంటి ఆడవాళ్ళ నృత్య ప్రదర్శనలో సాగనిస్తామా? నిర్వాహకులు ఆపాలి. ఆపకపోతే పక్కనున్న మనమే ఆపాలి. నేను ఆపడానికి ప్రయత్నించాను, మాటలు పడ్డాను, అయినా మళ్ళీ ప్రయత్నిస్తాను.

ఇక వెళ్ళడం మానెయ్యాలా అంటే, అక్కర్లేదు. వెళ్ళాలి, కానీ తీరిగ్గా వెళ్ళాలి. ఒక రోజులో పది చోట్లు చూసే ప్రయాణంలో డబ్బంతా పెట్రోలుకు, ప్రవేశ రుసుములకు, రోడ్డు పక్కన పెద్ద హోటళ్ళకు పోతుంది. ఊళ్ళో మనిషితో ఒక్క మాట కలిసే వీలు ఉండదు. వారం మధ్యలో రైలులోనో ఆర్టీసీ బస్సులోనో వెళ్ళి, గిరిజన కుటుంబం సొంతంగా నడుపుకునే వసతిలో రెండు రాత్రులు ఉంటే అదే డబ్బు ఆ ఊళ్ళోనే తిరుగుతుంది. ఇల్లు నిజంగా ఎవరిదని అడగడానికి మొహమాట పడనక్కరలేదు. వారపు సంత రోజు కలిసివస్తే మరీ మంచిది. పసుపు, అల్లం, చింతపండు, చోళ్ళు, కందులు, అడ్డాకుల కట్టలు, కొండ చీపుర్లు మైళ్ళ దూరం మోసుకుని వచ్చి నేల మీద పరుచుకుని కూర్చుంటారు. పొద్దు వాలేలోగా అమ్ముకుని మళ్ళీ కొండ ఎక్కాలన్న తొందర వాళ్ళకు ఉంటుంది, దళారులకు ఆ తొందర బాగా తెలుసు. 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టింది ఈ దళారుల పట్టు తప్పించడానికే. అక్కడికి మనం వెళ్ళి పసుపు కొమ్ముల మీద పది రూపాయలు బేరమాడి తగ్గించుకోవడం, నగరానికి వచ్చి కాఫీ కప్పుకు రెండు వందలు మారు మాట్లాడకుండా ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల మధ్య నీళ్ళ సీసాలు వదిలి రావద్దని వేరే చెప్పాలా? చెప్పాల్సి వస్తోంది. ఆ కొండల దిగువ ఊళ్ళు ఊట నీటి మీద ఆధారపడి ఉంటాయి. మనం పైన పారేసింది వాన వచ్చినప్పుడు ఆ ఊటలోకే చేరుతుంది.

చట్టాన్ని సడలించాలన్న చర్చ మళ్ళీ వస్తుంది, అందులో నాకు సందేహం లేదు. పర్యాటకుల సంఖ్య పెరుగుతున్న కొద్దీ గదులు చాలడం లేదన్న మాట బలపడుతుంది. ఆ మాటలో సాక్ష్యంగా వాడేది మనల్నే, మన వారాంతపు రద్దీనే. గదులు చాలకపోతే గిరిజన కుటుంబాలు సొంత ఇళ్ళ పక్కన రెండు గదులు కట్టుకోవడానికి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ద్వారా రుణాలు ఇమ్మని అడగవచ్చు, ఏ తీర్మానమైనా గ్రామసభ ముందు పెట్టమని అడగవచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పీసా చట్టం గ్రామసభకు ఆ స్థానం ఇచ్చింది. విశాఖలో ప్రయాణాల బృందాలు నడిపేవారు, రెసిడెన్షియల్ సంఘాలు, కళాశాలల పర్యాటక క్లబ్బులు ఈ మాట ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి: మాకు గదుల కొరత ఉన్నా పర్వాలేదు, మా పేరు చెప్పి 1/70 జోలికి పోవద్దు. నేను తిరిగే బృందం తరఫున ఆ ఉత్తరం ముసాయిదా రాయడం మొదలుపెట్టాను.